దేవూ మాటిజ్‌ను ఈ రోజుల్లో నడుపుకోవడం ఎలా: మూతపడిన కంపెనీ చిన్న కారుకు సమగ్ర మార్గదర్శి

మాటిజ్ ఎక్కడైనా ఆగిపోయి షెడ్డుకు తోసుకెళ్తే బానెట్ ఎత్తకముందే వినిపించే మాట ఒకటుంది: "దీనికి పార్ట్స్ దొరకవు సార్." ఈ మాట విని ఎంతోమంది నడిచే బండిని పాత ఇనుము ధరకు ఇచ్చేశారు. మా ఇంట్లో 2001 నాటి మాటిజ్ ఉంది. నాన్న కొన్నది. దాన్ని ఇన్నేళ్లు తిప్పాక నాకు అర్థమైంది ఏమిటంటే, దీని పార్టుల్లో సగానికి పైగా ఇప్పటికీ దొరుకుతాయి. దుకాణంలో వాటిని ఏ పేరుతో, ఏ నంబరుతో అడగాలో తెలియకే దొరకడం లేదు. మిగతావి పాడయ్యాక వెతికితే దొరకవు, ముందే కొని ఇంట్లో పెట్టుకోవాలి. ఈ రెండూ పట్టుబడితే మాటిజ్ నడపడం ఏమంత కష్టం కాదు.

మొదట దీని చుట్టాలెవరో తెలుసుకోండి

దక్షిణ కొరియాలో కిమ్ వూ-చూంగ్ 1967లో మొదలుపెట్టిన దేవూ గ్రూపు 1999లో అప్పుల భారంతో కూలిపోయింది. 2000 నవంబరులో దేవూ మోటార్ దివాలా తీసింది. 2002లో జనరల్ మోటార్స్ దాని ముఖ్యమైన ఆస్తులను కొన్నా, మన దేశంలో గ్రేటర్ నోయిడా దగ్గర సూరజ్‌పూర్‌లో ఉన్న ఫ్యాక్టరీని ఆ బేరంలో కలపలేదు. మాటిజ్ తయారైంది అక్కడే. కొరియాలో దేవూ కార్లకు కొత్త యజమాని దొరికాడు గానీ ఇక్కడ కొన్నవాళ్లకు ఎవరూ మిగల్లేదు. మన దగ్గర పార్టుల కరువుకు మూలం ఇదే.

కారు వంశం మాత్రం అక్కడితో ఆగలేదు. మాటిజ్ ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, సిలిండర్‌కు రెండు వాల్వులు. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72. మారుతి 800 తెలిసిన మెకానిక్‌కు ఈ కొలతలు చెప్పి చూడండి, వెంటనే పోల్చుకుంటాడు. మాటిజ్ కంటే ముందు దేవూ చేసిన టికో అనే చిన్న కారు సుజుకి ఆల్టో ఆధారంగా వచ్చింది. సుజుకి ఎఫ్8 ఇంజన్ దేవూ ఇంటికి వచ్చింది ఆ దారిలోనే. పైన బాడీ గీసింది ఇటలీకి చెందిన జ్యుజారో సంస్థ, ఇంజన్ మూలం మాత్రం సుజుకిది. విజయవాడ ఆటోనగర్‌లో మా బండి చూసే పెద్దాయన మొదటి రోజే బానెట్ ఎత్తి, "ఇది మన మారుతికి తమ్ముడే బాబూ, భయపడకు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

తమ్ముడే గానీ కవల కాదు. మారుతి హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) తెచ్చి దీనికి బిగిస్తానంటే ఒప్పుకోకండి. లోపలి లెక్కలు, పని పద్ధతి ఒకేలా ఉంటాయి కాబట్టి మారుతి మీద చెయ్యి తిరిగినవాడు దీన్ని విప్పి మళ్లీ బిగించగలడు. పార్టు సరిపోతుందా లేదా అన్నది మాత్రం ప్రతిసారీ పక్కపక్కన పెట్టి కొలిచి చూడాల్సిందే.

రెండో చుట్టం షెవర్లే స్పార్క్. 2007లో మన దేశానికి వచ్చిన ఈ కారు మాటిజ్ తర్వాతి తరమే. దానిది 995 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఇంజన్ పార్టులు కలవవు. అటాచ్‌మెంట్లు, బుష్‌లు, చిన్న చిన్న క్లిప్పుల్లో కొన్ని కలవచ్చు. ఇవీ కొలిచాకే కొనండి. జనరల్ మోటార్స్ కూడా 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, అందుకే స్పార్క్ పార్టులు కూడా ఎప్పటికీ దొరుకుతాయని అనుకోవద్దు.

మూడో చుట్టం చాలామందికి తెలియదు. ఉజ్బెకిస్తాన్‌లోని అసాకా ఫ్యాక్టరీలో పాత మాటిజ్‌ను 2010 దశకంలో కూడా తయారు చేస్తూనే ఉన్నారు. రష్యాలోనూ బాగా అమ్ముడుపోయింది. ఇంజన్, సస్పెన్షన్, బ్రేకులకు సంబంధించిన పార్టులు కొత్తవి ఇంకా తయారవుతున్నాయంటే ఆ మార్కెట్ చలవే.

కొనే ముందు: కాగితాలు, ఆ తర్వాత తుప్పు, చివర్లో ఇంజన్

చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. ఇంజన్ శబ్దం విని మురిసిపోయి డబ్బు ఇచ్చేశాక కాగితాలు చూస్తారు. ఇంజన్ బాగు చేయించుకోవచ్చు. ఆర్సీ గడువు ఎప్పుడో ముగిసి, యజమాని ఎక్కడున్నాడో తెలియని బండిని ఎవరూ బాగు చేయలేరు.

సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, ఆర్టీఓ దగ్గర బండి చూపించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇప్పుడు కనిపించే మాటిజ్‌లన్నీ 20 ఏళ్లు దాటినవే. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును 10,000 రూపాయలు చేసింది. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. బేరమాడేటప్పుడు ఈ ఖర్చు లెక్కలో వేసుకోండి. ఆర్సీ ఎప్పటిదాకా ఉందో, బండి మీద లోన్ మిగిలి ఉందో లేదో, చలాన్లు ఎన్ని ఉన్నాయో పరివాహన్ సైట్‌లోనే తెలిసిపోతుంది. ఆర్సీ పొడిగించే పని అమ్మేవాళ్ల చేతే చేయించి, తర్వాత ఫారం 29, 30 మీద పేరు మార్చుకోవడం మేలు.

ఢిల్లీ నుంచి తక్కువ ధరకు వచ్చే బండ్లతో జాగ్రత్త. అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఆంక్షలు రావడంతో చాలా బండ్లు బయటి రాష్ట్రాలకు తరలిపోయాయి. అలాంటిది కొంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, పన్ను కట్టాలి. అన్నీ కలిపి లెక్కేస్తే తక్కువ ధర తక్కువగా ఉండదు.

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, 2022లో ఖరారైన రేటు ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, దాని మీద ట్యాక్స్ అదనం. ఇంత పాత బండికి కాంప్రహెన్సివ్ తీసుకున్నా చేతికొచ్చేది నామమాత్రమే కాబట్టి నేను థర్డ్ పార్టీతో సరిపెట్టుకుంటాను. పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలకోసారి.

ఇక తుప్పు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండి అయితే ఎండలో ఒకసారి కడిగించి, లిఫ్ట్ మీద ఎత్తించి చూడండి. తలుపుల కింద పొడవునా ఉండే పట్టీలు, జాకీ పెట్టే చోట్లు, వెనక తలుపు అంచు, పెట్రోల్ పోసే గొట్టం చుట్టుపక్కల, ముందు సీట్ల కింద ఫ్లోర్ తప్పక చూడాలి. కార్పెట్ ఎత్తి వేలితో నొక్కండి. తడి తగిలితే ఎక్కడి నుంచో నీళ్లు లోపలికి వస్తున్నాయన్నమాట. పైపైన పుట్టీ పెట్టి రంగేసిన చోట అయస్కాంతం అతుక్కోదు, చిన్నది ఒకటి జేబులో వేసుకెళ్లండి. ముందు షాక్ అబ్జార్బర్ల పైభాగం కూర్చునే చోటు తుప్పు పట్టి ఉంటే ఎంత తక్కువకు ఇస్తామన్నా ఆ బండి వద్దు.

అద్దాలు, లైట్లు ఒక్కొక్కటీ చూడండి. ముందు అద్దం పగిలి ఉంటే నేను బేరం మొదలుపెట్టను. ఇంజన్ పార్టుకు ఏదో ఒక దారి దొరుకుతుంది, మాటిజ్ అద్దం మరే కారుకూ సరిపోదు.

చివరిగా ఇంజన్. బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమని అడగండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. కూలెంట్‌లో నూనె తెట్టు, ఆయిల్ మూత లోపల పాల మీగడ లాంటి పదార్థం కనిపిస్తే హెడ్డు గ్యాస్కెట్ పోయినట్టు. నీలి పొగ వస్తే రింగులో, వాల్వు సీళ్లో పోయాయి. ఇవి చేయించుకోగలిగేవే, కాకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గాలి.

ఇంటికి తెచ్చిన మొదటి వారం: టైమింగ్ బెల్ట్

అమ్మినవాళ్లు "మొన్ననే మార్పించాం" అని చెప్పినా సరే, బిల్లు చేతిలో లేకపోతే మార్చలేదనే అనుకోండి. మాటిజ్ నిలబడేదీ పడిపోయేదీ ఈ రబ్బరు బెల్టు మీదే. బెల్టు తెగితే వాల్వులను తెరిచి మూసే క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. వాల్వులు వంగాయంటే హెడ్డు దించాల్సిందే.

నాకు ఇది 2012లో జరిగింది. హైవే మీద ఏలూరు దాటాక, పెద్ద శబ్దమేమీ లేకుండానే బండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎప్పటికంటే తేలిగ్గా, ఈల వేసినట్టు తిరిగింది. కంప్రెషన్ లేని ఇంజన్ అలాగే తిరుగుతుంది. ఆ శబ్దం వినిపిస్తే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, బండిని లాగించుకెళ్లండి. నేను తెలియక నాలుగైదు సార్లు కొట్టాను. రెండు వాల్వులతో పోయేది నాలుగయ్యింది. అంతకు ముందు ఏడాదే ఒక షెడ్డులో బెల్టు "చూసి, బాగుందన్నారు". కంటికి బాగానే కనిపించినా లోపలి దారాలు అప్పటికే అలసిపోయి ఉంటాయి.

అందుకే నా లెక్క 40,000 కిలోమీటర్లు లేదా నాలుగేళ్లు, ఏది ముందైతే అది. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. తక్కువ తిరిగే బండి కూడా నాలుగేళ్లు దాటకూడదు.

పని ఇలా సాగుతుంది. మీరే చేసుకోకపోయినా పక్కన నిలబడి చూడటానికి ఇది తెలిసుండాలి.

బాటరీ నెగటివ్ వైరు తీయాలి. కుడివైపు ముందు చక్రం, దాని వెనక మట్టి ఆపే ప్లాస్టిక్ కవరు తీస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ కనిపిస్తుంది. ఇంజన్ కింద చెక్క ముక్క అడ్డుపెట్టి జాకీతో కొద్దిగా ఎత్తి పట్టుకుని, కుడివైపు మౌంటింగ్ విప్పాలి. చెక్క లేకుండా జాకీ నేరుగా ఆనిస్తే ఆయిల్ చాంబర్ సొట్టపోతుంది. బయటి బెల్టులు, క్రాంక్ పుల్లీ, ప్లాస్టిక్ కవర్లు వరసగా తీయాలి.

పాత బెల్టు ఇంకా మీద ఉండగానే క్రాంక్‌ను స్పానర్‌తో తిప్పి, క్యామ్ పుల్లీ మీది గుర్తును వెనక కవరు మీది గుర్తుతో, క్రాంక్ గేరు గుర్తును ఆయిల్ పంప్ బాడీ మీది గుర్తుతో కలపాలి. కలిపాక ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మెకానిక్ ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ ఫోటో ఉంటే అందరికీ నిశ్చింత.

ఇప్పుడు బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ వదులు చేసి బెల్టు తీసేయాలి. టెన్షనర్ బేరింగును చేత్తో తిప్పి చూడండి. గరగరలాడినా, మరీ తేలిగ్గా గిర్రున తిరిగినా దాన్ని పక్కన పడేయాలి. నేనైతే బెల్టుతో పాటు టెన్షనర్ ప్రతిసారీ కొత్తదే వేయిస్తాను. వాటర్ పంప్ కూడా ఇక్కడే ఉంటుంది, బెల్టు తీయకుండా దాన్ని బయటికి తీయలేం. కాబట్టి రెండోసారి బెల్టు మార్చేటప్పుడు పంపు కూడా మార్చేయండి. లేకపోతే పంపు కారిన రోజున ఇదే కూలీ మళ్లీ ఇవ్వాలి. క్యామ్ సీలు, క్రాంక్ సీలు నూనె కారుతుంటే ఇప్పుడే మార్చాలి, బెల్టుకు నూనె తగిలితే దాని ఆయుష్షు సగమవుతుంది.

కొత్త బెల్టు వేసేటప్పుడు టెన్షనర్ లేని వైపు బిగువుగా ఉండాలి. టెన్షనర్ బిగించాక క్రాంక్‌ను చేత్తో, స్పానర్ పెట్టి, అది మామూలుగా తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మళ్లీ గుర్తులు కలవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా విప్పి మొదటి నుంచి చేయాలి. ఈ రెండు చుట్లూ చేత్తో తిప్పకముందు సెల్ఫ్ ముట్టుకోనివ్వకండి. తొందరలో ఉన్న షెడ్డులో సరిగ్గా ఈ మెట్టే ఎగ్గొడతారు, అందుకే దగ్గర నిలబడమంటున్నాను.

అన్నీ విప్పి ఉన్నాయి కాబట్టి ఇంజన్ చల్లారాక టాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) కూడా సెట్ చేయించండి. మాటిజ్‌లో స్క్రూ, నట్టుతో సరిచేసే పద్ధతే ఉంటుంది. చివర్లో బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి.

వేడి

ఇంజన్ హెడ్డు అల్యూమినియంది. ఒక్కసారి బాగా వేడెక్కితే వంకరపోతుంది. మే నెలలో ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడే మనకు కూలింగ్ వ్యవస్థ బాగుండటం ప్రాణావసరం.

రేడియేటర్‌కు రెండు పక్కలా ఉన్న ప్లాస్టిక్ ట్యాంకులు పాతబడి సన్నగా చిట్లుతాయి. ఆ చీలిక బండి నిలబడి ఉన్నప్పుడు కనిపించదు, వేడికి ఒత్తిడి పెరిగినప్పుడే కారుతుంది. ఎండిపోయిన కూలెంట్ తెల్లటి లేదా ఆకుపచ్చ చారల్లా కనబడితే అక్కడ పగులు ఉన్నట్టే. కొత్త రేడియేటర్ దొరకకపోతే మంచి రేడియేటర్ షాపులో పాతదానికే కొత్త కోర్ వేసి, రాగి లేదా అల్యూమినియం ట్యాంకులు కట్టి ఇస్తారు. నాది అలాగే చేయించాను. అసలు దానికంటే గట్టిగా ఉంది.

హోస్ పైపులు చేత్తో నొక్కితే గట్టి ప్లాస్టిక్‌లా తగిలినా, మెత్తగా పిండిలా తగిలినా మార్చాలి. వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ తీసేసి నడిపితే చల్లగా ఉంటుందని కొందరు చెబుతారు. ఆ సలహా వినకండి. ఇంజన్ కావలసిన వేడికి రాకపోతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరిగిపోతుంది. మామూలు నీళ్లు పోయకండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి, రెండేళ్లకోసారి పూర్తిగా మార్చండి. వారానికోసారి బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. టెంపరేచర్ మీటరు నీడిల్ సగం దాటిందంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తెరిచి, పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఇంటికి ఇంకో కిలోమీటరే కదా అని నడపవద్దు.

పెట్రోల్, స్పార్క్, ఐడిల్

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మాటిజ్ తయారైనప్పుడు వాడిన రబ్బరు పైపులు ఇందుకు ఉద్దేశించినవి కావు. ఇథనాల్‌కు పాత రబ్బరు ఉబ్బుతుంది, లేదా పెళుసెక్కి చిట్లుతుంది. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న రబ్బరు పెట్రోల్ పైపులన్నీ ఒకేసారి, ఇథనాల్‌కు ఆగే రకంతో మార్చేయండి. క్లిప్పులు కూడా కొత్తవే. పెద్ద ఖర్చు కాదు, ఏ కారు పేరూ అక్కర్లేదు, లోపలి కొలత చెబితే మీటరు లెక్కన కోసిస్తారు. పెట్రోల్ ఫిల్టర్ కూడా అప్పుడే మార్చండి, ఇథనాల్ పాత ట్యాంకులోని మురికిని కదిలించి తెస్తుంది. నెలల తరబడి బండి తీయని వాళ్లు ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి, లోపల తేమ చేరుతుంది.

వానాకాలం పొద్దున్నే బండి మొరాయిస్తే ముందు ప్లగ్ వైర్లు చూడండి. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ తిరుగుతుండగా దూరం నుంచి వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లితే, లీకవుతున్న చోట చిన్న మెరుపులు కనిపిస్తాయి. చేతులు దూరంగా పెట్టండి. స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అయితే దాని మూత, రోటర్ కూడా అదే సమయంలో చూడాలి.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోవడం, ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎగుడుదిగుడుగా ఉండటం మాటిజ్‌లో మామూలు. పది సార్లకు ఎనిమిది సార్లు కారణం ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలోనూ, ఐడిల్ వాల్వులోనూ పేరుకున్న మసి. క్లీనర్ స్ప్రేతో శుభ్రం చేస్తే పోతుంది. సెన్సార్లు మార్చాలని చెప్పినా ముందు ఈ పని చేయించండి. ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలో ఉన్న రబ్బరు గొట్టం మడతల్లో పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడాలి. ఇంకొకటి: పాత దేవూల్లో కొన్నింటి స్కానర్ సాకెట్ ఇప్పటి 16 పిన్నుల రకం కాదు. స్కానర్ తగిలించలేకపోతే ఇంజన్ కంప్యూటర్ పోయిందని కంగారు పడకండి.

మిగతావి, క్లుప్తంగా

ఆయిల్ 5,000 కిలోమీటర్లకోసారి, ఫిల్టర్‌తో సహా. ఇంజన్ చిన్నది, పట్టేది మూడు లీటర్ల లోపే, కాబట్టి అర లీటరు తగ్గినా దానికి పెద్ద లోటే. డిప్‌స్టిక్ ప్రతి ఆదివారం చూడండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకు. వెనక డ్రమ్ములు విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బర్లు తడిగా ఉన్నాయేమో చూడాలి. క్లచ్ కేబుల్ మీదే పనిచేస్తుంది. పెడల్ బరువెక్కితే కేబుల్ తెగబోతోందని అర్థం, తెగకముందే మార్చండి. యాక్సిల్ బూట్లు చిరిగితే జాయింట్‌లోకి మట్టి వెళ్తుంది, వంద రూపాయల రబ్బరు దగ్గర పిసినారితనం వద్దు. కరెంటు సమస్యల్లో చాలావరకు ఎర్త్ వైర్ల తుప్పే. బాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే రెండు వైర్లూ విప్పి, రుద్ది, గ్రీజు పూసి బిగిస్తే సగం చిక్కులు తీరతాయి.

పార్టులు వెతికే విద్య

షాపులో "మాటిజ్‌ది ఉందా" అని అడిగితే లేదనే చెబుతారు. పేరు వదిలి నంబరు పట్టుకోండి.

బేరింగు ఏ కారుదైనా దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు చెబితే బేరింగుల షాపువాడు కారు పేరు కూడా అడగడు. ఆయిల్ సీలు మీద మూడు కొలతలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఫ్యాన్ బెల్టు వీపు మీద పళ్ల వరసల సంఖ్య, పొడవు రాసి ఉంటాయి. కాబట్టి ఏ పార్టు విప్పినా తుడిచి, దాని మీద ఉన్న అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి, ఫోటో తీయండి. ఆ పుస్తకం పోతే మళ్లీ మొదటికొస్తుంది, జాగ్రత్తగా దాచండి.

దేవూ సొంత పార్టులకు 8 అంకెల నంబరు ఉంటుంది. ఎక్కువగా 96తో మొదలవుతుంది, కొన్ని 94తో. జనరల్ మోటార్స్ చేతికి వెళ్లాక కూడా అవే నంబర్లు కొనసాగాయి కాబట్టి షెవర్లే పార్టులు అమ్మే పాత దుకాణాల్లోనూ వాటితో వెతకవచ్చు.

ఎక్కడ వెతకాలంటే, మన దగ్గర సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ మొదట. తర్వాత చెన్నై పుదుప్పేట, ఢిల్లీ కశ్మీరీ గేట్. దేవూ పార్టుల పాత సరుకు ఢిల్లీ వైపు ఎక్కువ, ఫ్యాక్టరీ ఆ పక్కనే ఉండేది కదా. ఫోన్‌లో ఫోటో పంపి, స్కేలు పక్కన పెట్టి తీసిన కొలతతో సహా అడగండి, కొరియర్‌లో వస్తాయి.

విదేశాల నుంచి తెప్పించుకునేటప్పుడు ఒక తేడా మర్చిపోవద్దు. ఉజ్బెకిస్తాన్, రష్యాల్లో స్టీరింగు ఎడమవైపు. ఇంజన్, బ్రేకు, షాక్ అబ్జార్బర్ పార్టులు అక్కడివి తీసుకోవచ్చు. స్టీరింగు ర్యాక్, డ్యాష్‌బోర్డు, వైపర్ లింకులు మాత్రం పనికిరావు. హెడ్‌లైట్ల వెలుగు కూడా అవతలి పక్కకు పడేలా ఉంటుంది, ఎదురొచ్చే వాళ్ల కళ్లలో కొడుతుంది. పైగా 2000లో మాటిజ్ ముఖం మారింది, ఆ తర్వాతి లైట్లు పాత బండికి కూర్చోవు. కుడిచేతి స్టీరింగు పార్టులు కావాలంటే బ్రిటన్‌లో వెతకాలి, అక్కడా ఈ కారు అమ్ముడైంది. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న చుట్టాలు సెలవులకు వచ్చేటప్పుడు చిన్న సామాను పట్టుకురాగలరు. మా బాబాయి కొడుకు ఒకసారి డోర్ హ్యాండిళ్లు తెచ్చిపెట్టాడు.

ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సినవి నా లెక్కలో ఇవి: టైమింగ్ బెల్ట్, టెన్షనర్ ఒక జత, వాటర్ పంప్, క్లచ్ కేబుల్, ప్లగ్ వైర్ల సెట్టు, థర్మోస్టాట్, హెడ్డు గ్యాస్కెట్. రబ్బరు వస్తువులు ఎండ తగలని చోట, మడత పెట్టకుండా ఉంచండి. బెల్టు కూడా ఏళ్ల తరబడి దాచితే పాడవుతుంది, కొన్న తేదీ కవరు మీద రాయండి.

వీలుంటే కాగితాలు లేని, కదలని ఇంకో మాటిజ్‌ను పార్టుల కోసం కొని పెట్టుకోండి. స్థలం లేకపోతే ఇద్దరు ముగ్గురు యజమానులు కలిసి ఒకటి కొని పంచుకోవచ్చు. ముందు అద్దం, వెనక అద్దం, తలుపుల అద్దాలు, లైట్లు, తాళాలు, కంప్యూటర్ పెట్టె విప్పి జాగ్రత్త చేశాకే మిగతాది వదలండి. ఇంజన్ వదులుకున్నా పర్లేదు గానీ అద్దాలు వదులుకోకండి. ఆ బండి పాత యజమాని చేత ఆర్టీఓ దగ్గర ఆర్సీ రద్దు చేయించాలి. చాసిస్ నంబరు ఉన్న ముక్కను ఎవరికీ విడిగా అమ్మకూడదు. ఆ నంబరుతో వేరే బండి రోడ్డెక్కితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.